టిక్కీల డబ్బాలో కార్డులు

అమ్మ పోయిన పదకొండో రోజు నా బిడ్డ ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది.

"అమ్మమ్మ గురించి నువ్వే రాయాలె. నీకిప్పుడు రాయొస్తది గదా" అన్నది.

ఒక్క పేజీ చాలన్నది. ఏడాది తిరిగిన రోజు ఫొటో ముందు నిలబడి చదువుతానన్నది. ఆ సాయంత్రమే సగం పేజీ రాశాను. అందులో ఉన్నదంతా నిజమే. మిగతా సగం రాయడానికి ఇన్ని నెలలు పట్టింది.

ముందు ఆ సగం పేజీలో ఉన్నది చెబుతాను.

అమ్మ నన్ను కనలేదు, పెంచింది. మా ఊరు తెలంగాణలో ఉంది. అమ్మకు పిల్లలు లేరు. బాపు మరమగ్గాల పనికి సూరత్ వస్తూ అమ్మను తెచ్చుకున్నాడు. అమ్మ చంకలో నన్ను తెచ్చుకుంది. అప్పటికి నాకు నెల కూడా నిండలేదట. రైల్లో పక్కనున్న బాలింత చేత పాలు ఇప్పించుకుంటూ వచ్చిందట. ఆమెది ఏ ఊరో, ఏ భాషో తెలియదని, మొహం మాత్రం ఇప్పటికీ గుర్తుందని అమ్మ చెప్పేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు బాపు పోయాడు. కార్ఖానా దగ్గరి అద్దె ఖోలీ ఖాళీ చేసి నవాగామ్‌లో ఒక్క గది ఇంటికి మారాం. అమ్మ అంతకుముందు నుంచీ ఇంట్లో చేసే పనే, చీరలకు టిక్కీలనే మెరుపు బిళ్ళలు అంటించడమే, ఇక మాకు ఆధారం. సేఠ్ మనిషి పొద్దున చీరల మూట, టిక్కీల పొట్లాలు, గమ్ సీసా ఇచ్చిపోతాడు. చీర మీద అచ్చు వేసిన పువ్వుల్లో గమ్ చుక్క పెట్టి, చుక్క మీద టిక్కీ పెట్టి వేలితో అద్దాలి. పని అయ్యాక చాప మీద చెదిరిన టిక్కీలను ఒక గట్టి అట్టముక్కతో కూడదీసి, ఎత్తి డబ్బాలో పోయాలి. వేళ్ళతో ఎత్తితే చెమటకు అంటుకుని మెరుపు పోతుంది. ఆ ఎత్తే పని చిన్నప్పటి నుంచీ నాదే.

నా పెండ్లి అయ్యాక అల్లుణ్ణి మా ఇంట్లోనే ఉంచుకుంది. ఆయనది సూరత్ అవతల సచిన్ అనే ఊళ్ళో పని. పొద్దున్నే బస్సుకు పోతే రాత్రికే వచ్చేవాడు. ఆయనకు సద్ది కట్టేది అమ్మే, నేను కాదు. నా బిడ్డ పుట్టాక దాన్ని నాకు పాలివ్వడానికి మాత్రమే ఇచ్చేది. ఒకసారి వానాకాలంలో ఖాడీ కాలువ పొంగి గల్లీలోకి నీళ్ళొచ్చినయి. నన్నూ పసిపిల్లనూ అటక మీదికి ఎక్కించి, తను నడుంలోతు నీళ్ళలో నిచ్చెన పట్టుకుని నిలబడింది. పొద్దటి నుంచి మాపటిదాకా. నిచ్చెన కాళ్ళు జారతాయని ఆమె భయం. కాళ్ళకు పట్టిన పుండ్లు మానడానికి రెండు నెలలు పట్టింది.

బిడ్డను తెలుగు బడిలో వేసింది కూడా అమ్మే. పుట్టిన సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగింది. రోజూ బడికి తీసుకుపోయి, గేటు పక్కన కూర్చుని చీరల దారాలు కత్తిరిస్తూ, బడి విడిచాక తీసుకొచ్చేది. టీచరమ్మలందరికీ ఆమె తెలుసు. బడి పిల్లలందరికీ ఆమే అమ్మమ్మ. నా బిడ్డ ఈరోజు ఆసుపత్రిలో ల్యాబ్ పని చేస్తున్నదంటే ఆ గేటు పక్కన పదేళ్ళు కూర్చున్న మనిషి వల్లనే.

నా సగం పేజీ ఇక్కడ ఆగింది.

మనవరాలి కోసం తొమ్మిదిసార్లు తిరిగిన మనిషి నన్ను బడికి పంపలేదు. నా ఈడు పిల్లలు పలకలు పట్టుకుని పోతుంటే నేను చాప మీద కూర్చుని టిక్కీలు ఎత్తేదాన్ని. పోతానని ఏడిస్తే అమ్మ ప్రతిసారీ ఒకే మాట చెప్పేది.

"నీకు కాయితాలు లేవు బిడ్డా. ఎవలు కన్నరు, ఏడ కన్నరు అని అడుగుతరు. ఏం చెప్పాలె? పెంటకుప్ప అని రాయించాల్నా?"

పెంటకుప్ప సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నన్ను కన్నామె నన్ను చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టింది. అమ్మ చూసి ఎత్తుకుంది. ఈ మాట అమ్మ దాచలేదు. అడిగినప్పుడల్లా చెప్పేది, నేను అడగకున్నా చెప్పేది. నా పేరు కూడా ఆ కుప్పను బట్టి పెట్టిందే. ఊళ్ళలో అలాంటి పేర్లు మామూలే. సూరత్‌లో తెలుగు పిల్లలకు అర్థమై నవ్వేవాళ్ళు. ఏడ్చుకుంటూ ఇంటికి వస్తే అమ్మ కొంగుతో మొహం తుడిచి, "ఆమె పారేసింది, నేను ఏరుకున్న. ఎవలు గొప్ప?" అనేది. నువ్వే అనేదాన్ని.

నా పెండ్లి మా పక్కనే డిండోలిలో ఒక చిన్న హాల్లో జరిగింది. నాకు పంతొమ్మిదేళ్ళు. తలంబ్రాలు అయ్యాక ఊరి నుంచి ఒక బక్కపలచని మనిషి వచ్చింది. పాత చీర, కొత్త చాట. చాటలో గుడ్డతో కట్టిన చిన్న మూట. హాలు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నది. అమ్మ నా చెవి దగ్గరికి వచ్చి, "నిన్ను పారేసినామె వచ్చింది" అన్నది.

ఆమె దగ్గరికి వచ్చి చాట నా కాళ్ళ దగ్గర పెట్టబోయింది. మూట విప్పింది. లోపల తవుడు.

"ఏందిది?" అన్నాను.

"తవుడు బిడ్డా. ఇచ్చి తీస్కపోదామని..."

"పారేసిన దాన్ని తవుడుకు కొంటవా? నా పెండ్లి చెడగొట్టకు. పో."

పెండ్లిలో అందరూ విన్నారు. ఆమె అమ్మ వైపు చూసింది. "అక్కా, నువ్వన్న చెప్పు" అన్నది. అమ్మ నా మెడలో పూలదండ సర్దుతూ ఉన్నది. తల ఎత్తలేదు. ఆమె చాట ఎత్తుకుని, తవుడు మూట మాత్రం మెట్టు మీద వదిలేసి పోయింది. ఎవరో పక్కనున్న ఆవుకు పెట్టారు.

"మతి లేని మనిషి. పాపం" అన్నది అమ్మ ఆ రాత్రి భోజనాల దగ్గర.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నేను ఆమెను తలుచుకోలేదు. తలుచుకున్నా, ఎంత గట్టిగా చెప్పి పంపానో అని గర్వపడటానికే.

నలభై తొమ్మిదో ఏట చదువు మొదలుపెట్టాను. నా బిడ్డ పెండ్లయి సూరత్‌లోనే అడాజణ్ వైపు ఉంటున్నది. ఫోన్‌లో మెసేజీలు పెట్టేది, నేను పక్కింటి వాళ్ళతో చదివించుకునేదాన్ని. ఒక ఆదివారం ఒకటో తరగతి వాచకం తెచ్చి ఇచ్చింది. అమ్మ మంచం మీద నుంచి చూసింది.

"ఈ వయసుల ఏం కలెక్టర్ అయితవే?"

"కలెక్టర్ గాకున్నా బోర్డులన్న చదువుకుంట."

"ఈడ బోర్డులన్ని గుజరాతీల ఉంటయ్. నీ తెలుగు ఎవలికి గావాలె?"

నా బిడ్డ నవ్వింది. "అమ్మమ్మా, నాకు పలక పట్టిచ్చింది నువ్వే గదా. అమ్మను చదువుకోనియ్యవా?"

"నువ్వు శిన్నదానివి. దీని కండ్లు పోతయ్. టిక్కీలు ఎవలు అంటిస్తరు?"

మధ్యాహ్నం చీరలు పక్కన పెట్టి నేల మీద సుద్దతో రాసేదాన్ని. అమ్మ నిద్రపోయినట్టు అటు తిరిగి పడుకునేది. గుణింతాలు అయ్యి, చిన్న మాటలు చదవడం మొదలుపెట్టాక ఒక విషయం గమనించాను. టిక్కీలు ఎత్తే అట్టముక్కలు మారిపోయాయి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ మేము పాత పోస్టుకార్డులతో ఎత్తేవాళ్ళం. పసుపుపచ్చగా, గట్టిగా ఉండేవి. గమ్ మరకలతో అంచులు అరిగిపోయినా అవే వాడేవాళ్ళం. ఇప్పుడు చాప మీద ఒక ప్లాస్టిక్ మూత ముక్క ఉన్నది.

"కార్డులేవి?"

"అంచులు మెత్తవడ్డయి. పారేసిన."

అమ్మ ఏదీ పారేసే మనిషి కాదు. తెగిన చెప్పు పట్టీ కూడా దాచేది. ఆ మూత ముక్కతోనే టిక్కీలు ఎత్తాను.

తర్వాతి వారం నా బిడ్డ అమ్మను కంటి ఆపరేషన్‌కు తీసుకుపోయింది. ఆ రాత్రికి అక్కడే ఉంచుకుంటామన్నారు. వాళ్ళ ఆటో గల్లీ మలుపు తిరగగానే నేను అటక ఎక్కాను. పాత బిస్కెట్ల డబ్బాలో, అడుగున, గుడ్డలో చుట్టి ఏడు కార్డులు ఉన్నాయి. నాలుగింటి మీద రాత గమ్ కింద కరిగిపోయింది. మూడు చదవొచ్చు.

మొదటిది చదవడానికి మధ్యాహ్నం నుంచి ఎండ వాలేదాకా పట్టింది. ఒత్తులు తెలియక కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో ఇలా ఉన్నది.

'అక్కకు చెల్లె దండం పెట్టి రాయించునది. మేము బాగున్నాము. పిల్ల బాగున్నదని తలుస్తాను. ఆరు నెలలు దాటి తొమ్మిదో నెల పడ్డది. పోయిన ఇద్దరికి ఆరో నెల దాటలేదు. దీని గండం గడిచింది. కొత్త చాట కొన్న. తవుడు తీసి పెట్టిన. బావను అడిగి పిల్లను తీసుకొని రా. ఈయనకు దమ్ము రోగం, మగ్గం విడిచి కదలలేడు.'

అక్క అంటే అమ్మ, చెల్లె అంటే పెండ్లినాడు చాట తెచ్చినామె అని తెలిసింది, చాట, తవుడు ఎందుకో మాత్రం అర్థం కాలేదు. పక్క గల్లీలో మా జిల్లా ముసలామె ఒకామె ఉన్నది. సాయంత్రం పోయి, ఊరికే అడిగినట్టు అడిగాను.

"గిది గూడ తెల్వదా? సూరత్‌ల పెరిగినవ్ గదా, ఎట్ల తెలుస్తది" అని నవ్వింది. "పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, మల్ల పుట్టిన పిల్లను చాటల ఏసి పెంటకుప్ప మీద పెడ్తరు. ఇంకో ఆడిది అచ్చి ఎత్తుకపోతది. ఇది మాది కాదు, పారేసినం అని సావుకు చెప్పుడన్నట్టు. గండం దాటినంక కన్నతల్లి తవుడు ఇచ్చి పిల్లను కొనుక్కుంటది."

"ఎత్తుకపోయినామె ఇయ్యకుంటే?"

"గట్ల ఎవలు జేస్తరే? కుప్ప కాడ కన్నతల్లి ఎడమొకం పెట్టి నిలవడ్తది, పిల్లను తీస్తుంటె సూడొద్దని. సూడకుంట నమ్మి ఇచ్చేటిది అది."

ఇంటికి వచ్చి రెండో కార్డు చదివాను. అది చాలా తర్వాతిది. రాసిన చేయి వేరు.

'నువ్వు రాయించినట్టే ఆగుతున్న. పెండ్లి అయ్యేదాకా పిల్లను ఊరికి తెస్తే బతకదని స్వామి చెప్పినాడని రాయించినవు. బతికి ఉంటే చాలు. పెండ్లి కబురు మాత్రం తెలియజేయి. చాట తీసుకొని వస్తా.'

పెండ్లి కబురు అమ్మ పంపలేదు. మా ఊరివాళ్ళు సూరత్‌లో ఎంతోమంది ఉన్నారు, వాళ్ళ నోట విని ఆమె వచ్చి ఉంటుంది.

మూడో కార్డు చిన్నది. ఏ ఏడాదిదో తెలియదు. 'అక్కా, పిల్లను బడికి తోలు. నాకు రాదు, నీకు రాదు. అది చదివితే నా కార్డు అదే చదువుకుంటది.'

ఆ కార్డు మీద అంచు దగ్గర చిన్న పంటి గాట్లు ఉన్నాయి. టిక్కీలు ఎత్తుతూ కొరికేదాన్ని నేనే.

మరునాడు అమ్మను తీసుకొచ్చారు. కంటికి పట్టీ, నల్ల అద్దాలు. నా బిడ్డ డ్యూటీకి పోయింది. నేను స్టూలు లాక్కుని అమ్మ పక్కన కూర్చుని మొదటి కార్డు పైకి చదివాను. కూడబలుక్కుంటూ చదివాను. 'తవుడు' దగ్గరికి వచ్చేసరికి అమ్మ చేయి మంచం పట్టీని పట్టుకుంది.

"సదివినవా" అన్నది.

"చదివిన. నువ్వు ఎవలితోని చదివిచ్చుకున్నవ్?"

"సచిన్ పోయేదాన్ని. బస్సెక్కి. ఆడ మనలను ఎవ్వలు ఎరుకపట్టరు. ఒక ముసలాయన ఉండె, సదివిపెట్టేటోడు. జవాబు గూడ ఆయనే రాసిండు."

"బాపుకు తెలుసా?"

"ఆరు నెలలయింది, ఇచ్చి వద్దాం పా అన్నడు. రెండుసార్లు టికెట్ తీసిండు. నేను స్టేషన్ దాక పోయి తిరిగొచ్చిన. నువ్వు నా మెడ ఇడువకపోతివి."

"నన్ను పారేసిందని ఎందుకు చెప్పినవ్?"

"గట్ల చెప్పకుంటె నువ్వు పోతవ్ గదా."

అంతే చెప్పింది. ఏడవలేదు, చేయి పట్టుకోలేదు. కూర ధర చెప్పినట్టు చెప్పింది.

"బడికి?"

"సదువుకుంటె సదివేటిదానివి."

"నా పెండ్లినాడు ఆమె నీ దిక్కు చూసింది. ఒక్క మాట చెప్పకపోతివి."

నల్ల అద్దాలు సర్దుకుంది. తర్వాత, "ఆ దినం పొమ్మన్నది నువ్వు. నేనేమన్నన్నా?" అన్నది.

కార్డులు దాచిన సంగతి నేను మన్నిస్తానేమో. బడి సంగతి కూడా, పిల్లలు లేని మనిషి భయం అనుకుంటానేమో. కానీ ఆ పెండ్లి హాల్లో ఆమెను వెళ్ళగొట్టడానికి అమ్మ నా నోరు వాడుకున్నది. పంతొమ్మిదేళ్ళు పట్టి ఆ మాటలు నాలో కూర్చి, వాటి పని వాటిని చేయనిచ్చి, తను పూలదండ సర్దుకుంటూ నిలబడింది. అది నాకు మింగుడుపడదు.

"మరి వీటినెందుకు పారెయ్యలే?" అని అడిగాను.

"నీయి గదా. నీకచ్చినయి. పారెయ్యబుద్ధి గాలే." కట్టు కట్టిన మొహం నా వైపు తిప్పింది. "దాచింది మొన్న గదా. అప్పటిదాక రోజు నీ చేతికే ఇచ్చిన."

ఇది ఆమె తప్పించుకోవడానికి అన్న మాట కాదు. నిజంగా అలాగే అనుకుంటున్నది. ఆమె లెక్కలో అప్పగించేసింది.

ఊరికి ఫోన్ చేయించాను. నన్ను కన్నామె పోయి నాలుగేళ్ళయిందట. నేను వాచకం పట్టడానికి మూడేళ్ళ ముందు. ఫోన్‌లో మాట్లాడింది ఆమె మరిది కోడలు. "మీరెవరు?" అని అడిగింది. చెప్పాను. "ముసల్ది ఆ చాటను ఎవ్వల్ని ముట్టనియ్యకపోయేది. మేమేదో ఆమె పిచ్చి అనుకున్నం" అన్నది. ఆ చాట ఏమైందని నేను అడగలేదు.

అమ్మ ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికింది. స్నానం చేయించాను. మందు చుక్కలు వేశాను. గంజి ఊదుకుంటూ తాగించాను. గల్లీ ఆడవాళ్ళు చూసి, కన్నకూతురు కూడా ఇట్లా చేయదనేవాళ్ళు. వాళ్ళకు తెలియనిది ఒకటే. కార్డు చదివిన రోజు నుంచి నేను ఆమెను అమ్మా అని పిలవలేదు. 'ఇటు తిరుగు', 'నోరు తెరు', 'లే' అనేదాన్ని. పంతం పట్టి చేసింది కాదు. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగేది.

వారం తిరగకముందే ఆమెకు తెలిసిపోయింది. మొదట్లో ఎగతాళి చేసింది.

"ఏందే, ఈ ఇంట్ల నాకు పేరు లేదా?"

తర్వాత వేరే దారి పట్టింది. నేను పొయ్యి దగ్గర నుంచి పిలిచినా పలికేది కాదు. అమ్మా అని పిలిచేదాకా ఆగుదామని చూసేది. నేను వచ్చి ఎదురుగా నిలబడేదాన్ని. ఇద్దరం అట్లా చూసుకునేవాళ్ళం. నా బిడ్డ వచ్చిన ఆదివారాలు మాత్రం మామూలుగా ఉండేవాళ్ళం, దాని ముందు ఇద్దరమూ కలిసి దాచాం. ఆ ఒక్క పనిలో మేము తల్లీబిడ్డలమే.

ఆఖరి రోజు పొద్దున చాయ్ తాగించాక నా కొంగు పట్టుకుంది.

"ఒక్కసారి పిలువరాదే. నిన్ను కనకున్నా పెంచిన గదా."

"నీళ్ళు తాగు" అన్నాను.

తాగింది. మధ్యాహ్నం పోయింది.

శవం దగ్గర నా బిడ్డ అమ్మమ్మా అని నేల మీద పడి ఏడ్చింది. ఆడవాళ్ళు నా భుజాలు పట్టుకుని కుదిపారు. "ఏడువ్వే, ఒక్కసారి అమ్మా అని నోరిప్పు, లేకుంటె గుండె ఆగిపోతది" అన్నారు. నా నోరు పెగల్లేదు. ఎంత ప్రేమో, రాయి అయిపోయింది అన్నారు. వాళ్ళ మాటను నేను దిద్దలేదు.

ఈ కాగితాల్లో ఆమెను అమ్మ అనే రాశాను. నా బిడ్డకు అర్థం కావాలంటే అలాగే రాయాలి. కన్నామెను ఏమని రాయాలో నాకు తెలియలేదు. ఆమెను ఒక్కసారీ ఏ పేరుతోనూ పిలవలేదు, పో అన్నాను, అంతే.

రేపు ఆదివారం. నా బిడ్డ వస్తుంది. ఏడాది కార్యం ఇంకో పది రోజులున్నది, పేజీ అయిందా అని అడుగుతుంది. సగం పేజీ చింపి ఇస్తే సంతోషంగా చదువుకుంటుంది, గేటు పక్కన కూర్చున్న అమ్మమ్మ దానికి అట్లాగే మిగిలిపోతుంది. ఆ గేటూ నిజమే, నిచ్చెన పట్టుకున్నదీ నిజమే. దాని గుండెలో నుంచి ఆ మనిషిని లాగెయ్యాలని నాకు లేదు. ఎన్నోసార్లు ఈ నోటుబుక్కు అటక మీద పెట్టేద్దామని చేతిలోకి తీసుకున్నాను. నిచ్చెన దాకా పోయి ఆగిపోయాను. పైన పెడితే, నా బిడ్డకు అందాల్సిన దాన్ని దాని మంచికే అని దాచిన రెండో మనిషిని నేనే అవుతాను.

అందుకే బిస్కెట్ల డబ్బా కిందికి దించాను. మూడు కార్డులు పైన, వాటి కింద నోటుబుక్కు. చాప పక్కన, అది వచ్చి కూర్చునే చోట పెట్టాను. మూత పెట్టలేదు.